డిక్కీలో పట్టని కుర్చీ

హాజరు పట్టీలో తప్ప ఆమె అసలు పేరు ఆ కార్ల షోరూములో ఎక్కడా వినపడదు. మేనేజరు దగ్గర్నుంచి గేటు దగ్గర కాపలా మనిషి దాకా అందరికీ ఆమె కొలతలక్క. ఆ పేరు ఊరికే రాలేదు. కారు కొందామని వచ్చినవాళ్లను మిగతావాళ్లు “ఏ రంగు చూపించమంటారు?” అని పలకరిస్తే, ఈమె మాత్రం “ఇందులో ఏమేం ఎక్కిస్తారండీ?” అని మొదలుపెడుతుంది. ఇంట్లో ఎంతమంది, ఎవరికి మోకాళ్ల నొప్పులు, ఎవరికి వెనక సీట్లో కూర్చుంటే కడుపులో తిప్పుతుంది, అన్నీ కూపీ లాగుతుంది. ఆ తర్వాత సంచీలోంచి టేపు తీసి డిక్కీ కొలిచి, “మీ అమ్మాయి డ్రమ్ములు ఇందులో పట్టవండీ, ఆ మూలనున్న బండి చూడండి” అని మొహమ్మీదే చెప్పేస్తుంది.

ఈ గుణం తండ్రి నుంచి వచ్చింది. ఆయన మెకానిక్ షెడ్ల వెనకాల ఒక రేకుల గదిలో కార్ల సీట్లకు తొడుగులు కుట్టేవాడు. బడి వదలగానే ఆమె నేరుగా అక్కడికే పోయి, విప్పి పడేసిన సీట్లలో ఒకదాని మీద కాళ్లు ముడుచుకు కూర్చుని హోంవర్కు రాసుకునేది. రెగ్జిన్ వాసన, మిషను కడకడలు, సూది విరిగినప్పుడు తండ్రి తిట్లు, ఇవే ఆమె చిన్నతనం. వేలెడు తేడా వస్తే ఆయన కుట్టిందంతా విప్పి మళ్లీ కుట్టేవాడు. “కారు ఓనరుకేం తెలుస్తుంది నాన్నా, వదిలెయ్” అని ఒకసారి ఆమె విసుక్కుంటే, “ఆయనకి తెలీదమ్మా. ఆయన నడుముకి తెలుస్తుంది” అన్నాడు.

ఆమె మొదట షోరూములో ఫోన్లు ఎత్తే పనికి చేరింది. రెండేళ్లకు అమ్మకాల్లోకి మారింది. ఆ రోజుల్లో వచ్చిన ప్రతి మగవాడూ ఆమె భుజం మీదుగా లోపలికి తొంగిచూసి, “సార్ ఎవరూ లేరా అమ్మా?” అని అడిగేవాడు. “ఉన్నారండీ, టీ తాగుతున్నారు. ఆయనొచ్చేలోపు మీరు ఈ సీట్లో కూర్చుని చూడండి” అనేది ఆమె. సార్ టీ తాగి వచ్చేసరికి ఆ పెద్దమనిషి సంతకం పెడుతూ ఉండేవాడు. అలా ఇరవై ఒక్క ఏళ్లు గడిచాయి. ఈ ఇరవై ఒక్క ఏళ్లలో ఆమె మాట నమ్మి బండి కొన్నవాళ్లలో ఒక్కరు కూడా తిరిగొచ్చి “ఇలా చెప్పావేంటమ్మా” అని నిలదీసింది లేదు. ఆమె గర్వమంతా దాంట్లోనే ఉంది.

అలాంటి మనిషికి కొత్త బండి వచ్చిపడింది.

బండి రావడానికి ఆరు నెలల ముందే దాని గోల మొదలైంది. షోరూము అద్దాల గోడ నిండా ఒక బొమ్మ అంటించారు. అందులో కారు లేదు, గుడ్డ కప్పిన కారు ఆకారం ఉంది. రోజూ పొద్దున్నే మేనేజరు అందర్నీ నిలబెట్టి, ఏం చెప్పాలో, ఎంతవరకు చెప్పాలో వల్లె వేయించేవాడు. వచ్చినవాళ్లంతా దాని గురించే అడిగేవాళ్లు. పైకప్పు తెరుచుకుంటుందట కదా అని ఒకరు, దానంతట అదే సందులో పార్కు చేసుకుంటుందట కదా అని ఇంకొకరు. ఎవరో బడిపంతులు మాత్రం, వెనక సీట్లో ముగ్గురు పిల్లలు కొట్టుకోకుండా కూర్చునే వీలుందా అని అడిగాడు. అమ్మకందార్లు అన్నిటికీ తల ఊపేవాళ్లు. తల ఊపితే నోటితో చెప్పినట్టు కాదు కదా.

విడుదలకు మూడు నెలల ముందు పెద్దాఫీసు వాళ్లు నమూనా బండిని రెండు రోజుల కోసం పంపించారు. కుర్రకారంతా లోపల స్టీరింగు పక్కనున్న టీవీలాంటి తెర చుట్టూ మూగారు. కొలతలక్క తిన్నగా వెనక్కెళ్లి డిక్కీ తెరిచింది. బండ్లు కడిగే పెద్దాయనను పిలిచి టేపు రెండో కొస పట్టుకోమంది. నేల నుంచి డిక్కీ అంచు దాకా ఇరవై రెండు అంగుళాలు. లోపల పొడవు ముప్పై ఆరు. వెనక సీటు నడ్డి విరిచినట్టు చక్కగా ముందుకు మడుచుకుపోతోంది. ఇంత కిందకి దిగిన డిక్కీని ఆమె ఈ ధరలో ఎప్పుడూ చూడలేదు. అంకెలన్నీ కరపత్రం వెనకవైపు తేదీతో సహా రాసుకుంది. రాసుకుంటూ ఉండగానే ఆమెకు టైపు మాస్టారు గుర్తొచ్చారు.

టైపు మాస్టారంటే ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ఆఫీసుల్లో సగం మందికి టైపు నేర్పిన మనిషి. ఇప్పుడు డెబ్బై దాటాయి, నడుము పట్టేసింది. ఆయన భార్య టెలిఫోను ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్లు ఆపరేటరుగా పనిచేసింది. అందుకని వీధిలో అందరూ ఆమెను టెలిఫోనమ్మ అంటారు. వెన్నుకు ఆపరేషన్ అయ్యాక కాళ్లు పనిచేయడం మానేశాయి. ఆరేళ్లుగా చక్రాల కుర్చీలోనే ఆవిడ లోకం. వాళ్ల పాత కారు డిక్కీ ఎత్తుగా, ఇరుగ్గా ఉండేది. ఎక్కడికి వెళ్లినా ఆ కుర్చీ దించడానికీ ఎక్కించడానికీ దారినపోయేవాళ్లనెవరినో బతిమాలుకోవాలి.

“కాళ్లు పోయినందుకు ఏడవను తల్లీ,” అనేది టెలిఫోనమ్మ. “రోడ్డు మీద ప్రతివాడికీ థాంక్యూ చెప్పలేక చస్తున్నా. ముప్పై ఏళ్లు ఎక్స్ఛేంజిలో కూడా ఇన్ని చెప్పలేదు.”

మాస్టారు మూడేళ్లుగా ప్రతి కొత్త బండికీ వచ్చి చూసేవారు. ప్రతిసారీ కొలతలక్కే వద్దని పంపించేసేది. ఈసారి మాత్రం ఆమె స్వయంగా వాళ్లింటికి వెళ్లి కుర్చీ మడిచి కొలిచింది. పొడవు ముప్పై మూడు. ఇరవై రెండు అంగుళాల ఎత్తంటే కుర్చీని ఎత్తనక్కర్లేదు, ముందు చక్రాలు అంచు మీద ఆనించి వెనక నుంచి ఒక తోపు తోస్తే చాలు. మాస్టారు నడుముకు పనే లేదు.

“నేను కొలిచాను మాస్టారూ, కళ్లారా చూశాను. ఇక ఆలోచించకండి” అంది.

ఆ ఒక్క మాట మీద వాళ్లు బుక్ చేశారు. ఆ ఒక్క మాట మీదే, ఎవరో మంచి బేరం తెచ్చారని పాత కారు కూడా అమ్మేశారు. కొత్తది మూడు వారాల్లో రావాలి. విడుదల వాయిదా పడుతూ మూడు వారాలన్నది ఆరయింది, ఆరు కాస్తా తొమ్మిదయింది. వారానికి రెండుసార్లు వ్యాయామం చేయించే ఆసుపత్రికి టెలిఫోనమ్మను అద్దె బండిలో తీసుకెళ్లాల్సి వచ్చింది. కుర్చీని చూడగానే సగం మంది డ్రైవర్లు ఆపకుండా పోయేవాళ్లు. అప్పుడప్పుడూ వెళ్లడమే మానేశారు. అయినా మాస్టారు ఫోన్ చేసి గద్దించలేదు. “నీ మాట మీద ఉన్నాం కదమ్మా, వస్తుందిలే” అనేవారు. ఆ మాట వినడం కన్నా నాలుగు తిట్లు తినడం నయమనిపించేది ఆమెకు.

చివరికి విడుదలకు వారం ముందు పెద్ద లారీ మీద అయిదు బండ్లు దిగాయి. ముసుగులు తీయకముందే కొలతలక్క మొదటి బండి డిక్కీ తెరిచింది. నమూనా బండిలో నున్నగా, పల్లంగా ఉన్న నేల ఇక్కడ ఉబ్బి ఉంది. దానికింద స్టెప్నీ చక్రం పెట్టారు. నమూనా బండిలో స్టెప్నీయే లేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు, ఆమెకు కూడా. అంచు ఎత్తు ఇరవై ఎనిమిది. లోపల పొడవు ముప్పై ఒకటి. వెనక సీటు మడుద్దామని మీట కోసం వెతికింది. మీటే లేదు. మడిచే సీటు అన్నిటికన్నా ఖరీదైన రకానికే ఇచ్చారట. మాస్టారు బుక్ చేసింది మామూలు రకం.

కొలిచింది తప్పేమోనని రెండోసారి కొలిచింది. మూడోసారి కొలిచింది. మిగతా నాలుగు బండ్లూ కొలిచింది. అది చూసి బండ్లు కడిగే పెద్దాయన బకెట్ కింద పెట్టి వచ్చి టేపు కొస పట్టుకున్నాడు. అంకెలు మాత్రం మారలేదు.

ఆమె మేనేజరు గదిలోకి తలుపు తట్టకుండా వెళ్లింది. మేనేజరు ఆమె కన్నా పదేళ్లు చిన్న. చెడ్డవాడని చెప్పడానికి లేదు. పైవాళ్లంటే భయం, అంతే.

“సార్, మనకు చూపించిన బండి వేరు, వచ్చిన బండి వేరు.”

“నమూనా నమూనానే కదక్కా. అసలు బండిలో మార్పులు ఉండొచ్చని కరపత్రంలో రాసే ఉంది.”

“ఎక్కడ?”

ఆయన కరపత్రం తిప్పి, అట్ట చివర, మడత దగ్గర వేలు పెట్టి చూపించాడు. చీమ తలంత అక్షరాలు. కొలతలక్క కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

“ఇంత పెద్ద బొమ్మ వేయడానికి చోటుంది. నిజం రాయడానికి మాత్రం చోటు లేదా సార్? ‘ఇంటిల్లిపాది సామానూ మింగేసే డిక్కీ’ అని ఇంతింత అక్షరాల్లో వేశారు. మడిచే సీటు బొమ్మ వేశారు. అది ఏ రకానికని ఎక్కడైనా రాశారా?”

“ఎవరక్కా డిక్కీ కొలుచుకుని కొనేది? తెర చూస్తారు, రంగు చూస్తారు.”

“నా దగ్గర కొన్నవాళ్లు కొలుచుకునే కొంటారు. వాళ్ల తరఫున నేను కొలుస్తాను కాబట్టి.”

మేనేజరు నుదురు రుద్దుకున్నాడు. “అక్కా, దండం పెడతా. విడుదల రోజు దాకా ఎవరితోనూ అనకు. పెద్దాఫీసు నుంచి ఆయన వస్తున్నాడు, పేపర్లవాళ్లు వస్తున్నారు. బుక్ చేసినవాళ్లందరికీ ఫోన్ చేసి శుభాకాంక్షలు చెప్పు. అది పైనుంచి వచ్చిన మాట.”

శుభాకాంక్షలు! ఆ మాటకు ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె గిన్నెలు తోముతుంటే ఒక్కొక్క గిన్నె గోడలు దద్దరిల్లేలా మోగింది. సిటీ బస్సు నడిపే భర్త డ్యూటీ దిగి వచ్చి, వరండాలోనే ఆగిపోయాడు. అత్తగారు పేపరు మీంచి తల ఎత్తకుండా, “లోపలికి రాకురా, నీ పెళ్లాం ఎవరి మీదో కోపం మన గిన్నెల మీద చూపిస్తోంది” అంది. విషయమంతా విన్నాక భర్త ఆమె పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు.

“పోనీ, నువ్వు అబద్ధం చెప్పలేదుగా. నీకు చూపించింది నువ్వు చెప్పావు. నీ తప్పేముంది?”

“వాళ్లు కంపెనీని చూసి కొనలేదండీ. నన్ను చూసి కొన్నారు. నా నోటితో వాళ్లు అబద్ధం ఆడించారు. తెలుస్తోందా మీకు? ఇరవై ఒక్క ఏళ్లు కాపాడుకున్న నోరు ఇది.”

అత్తగారు పేపరు మడిచి పక్కన పెట్టింది. “అయితే ఫోన్లో చెప్పకు. ఎదురుగా కూర్చుని చెప్పు” అంది.

మర్నాడు మధ్యాహ్నం భోజనం మానేసి ఆమె మాస్టారింటికి వెళ్లింది. ముందు గదిలో పాత టైపు మిషను బల్ల మీద, దాని పక్కనే కిటికీ దగ్గర టెలిఫోనమ్మ. కొలతలక్క కుర్చీలో కూర్చోలేదు. నిలబడే ఉన్నదున్నట్టు చెప్పింది. ఇరవై రెండు ఇరవై ఎనిమిదయిందనీ, ముప్పై ఆరు ముప్పై ఒకటయిందనీ, సీటు మడతపడదనీ. మాస్టారు “అలాగా” అన్నారు. కాసేపాగి మళ్లీ “అలాగా” అన్నారు.

టెలిఫోనమ్మ మాత్రం కళ్లెర్రజేసింది. “నువ్వెందుకు తల దించుకుంటున్నావు? దించుకోవాల్సినవాళ్లు వేరే ఉన్నారు. ఆ బండి విడుదల ఎప్పుడు?”

“శనివారం పదకొండింటికమ్మా.”

“మాకు పిలుపు వచ్చింది. రంగురంగుల అట్ట మీద. ‘మీరే మా ముఖ్య అతిథులు’ అని రాశారు. అతిథులం కదా, వస్తాం.”

ఆపై కొలతలక్క మూడు రోజుల పాటు తన దగ్గర బుక్ చేసినవాళ్లందరికీ ఫోన్లు చేసింది. శుభాకాంక్షలు చెప్పలేదు, అంకెలు చెప్పింది. చాలామంది “పర్లేదమ్మా, మాకు డిక్కీతో పెద్ద పని లేదు” అన్నారు. ఒకాయన “తెర మాత్రం అంతే పెద్దదేగా?” అని అడిగాడు. ఆమెకు వాళ్ల మీద కూడా ఒళ్లు మండింది. ఒకడు నీకు ఒకటి చూపించి ఇంకొకటి అంటగడుతుంటే, నీ పని జరిగితే చాలా?

శనివారం వచ్చింది. షోరూము నిండా బెలూన్లు, మెరిసే దీపాలు, గుడ్డ కప్పిన బండి. పెద్దాఫీసు నుంచి వచ్చిన అధికారి తెల్లచొక్కాలో తళతళలాడుతున్నాడు. గుడ్డ లాగారు, చప్పట్లు కొట్టారు. ఆయన మైకు పట్టుకుని తెర గురించి, దీపాల గురించి చెప్పి, చివరికి వెనక్కొచ్చి డిక్కీ తెరిచి, “మీ ఇంటిల్లిపాది సామానూ మింగేసే డిక్కీ!” అన్నాడు. కెమెరాలు మెరిశాయి. “ఎవరికైనా సందేహాలుంటే అడగండి” అన్నాడు.

“నాకో సందేహం ఉంది” అంది కొలతలక్క.

అమ్మకాల యూనిఫాంలో ఉన్న మనిషి చేయెత్తడం చూసి, ముందే అనుకున్న ప్రశ్న కాబోలనుకుని ఆయన నవ్వుతూ రమ్మన్నాడు. ఆమె పక్కకు తిరిగి సైగ చేసింది. మాస్టారు గుంపులోంచి దారి చేసుకుంటూ టెలిఫోనమ్మ కుర్చీని తోసుకొచ్చారు. కొలతలక్క, బండ్లు కడిగే పెద్దాయన కలిసి ఆవిడను జాగ్రత్తగా లేపి అక్కడున్న సోఫాలో కూర్చోబెట్టారు. కొలతలక్క ఖాళీ కుర్చీని మడిచి అధికారి ముందుకు నెట్టింది.

“ఇది పట్టేలా పెట్టండి సార్.”

“అలాగే, ఎందుకు పట్టదు?” అన్నాడాయన, మైకు ఎవరికో ఇచ్చి. నిలువుగా పెట్టాడు, తలుపు పడలేదు. అడ్డంగా పెట్టాడు, చక్రం బయటికే ఉండిపోయింది. ఐమూలగా దూర్చబోతే చక్రాల గుంటల దగ్గర ఇరుక్కుంది. మేనేజరు పరిగెత్తుకొచ్చి సాయం పట్టాడు. ఇద్దరూ కలిసి దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, చెమటలు కక్కారు. తెల్లచొక్కా చేతి మీద నల్లటి గ్రీజు మరక పడింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

“నిదానంగా పెట్టండి బాబూ,” అంది టెలిఫోనమ్మ సోఫాలోంచి. “నేనెక్కడికీ పారిపోను.”

ఆ నవ్వుతో అధికారికి పౌరుషం వచ్చింది. “అమ్మా, ఇలాంటి ప్రత్యేకమైన అవసరాలకు చేసిన బండి కాదిది” అన్నాడు.

“ప్రత్యేకమా?” కొలతలక్క గొంతు పెరిగింది. “ఇంటిల్లిపాది అన్నారు కదా సార్. ఈవిడ ఇంట్లో మనిషి కాదా? మూడు నెలల కిందట మీరు పంపిన బండిలో ఇది పట్టేది. నేను కొలిచాను. ఈ అంచు ఇరవై రెండు అంగుళాలుండేది, ఇవాళ ఇరవై ఎనిమిది. ఈ పొడవు ముప్పై ఆరుండేది, ఇవాళ ముప్పై ఒకటి. ఆ బండి చూపించి వీళ్ల దగ్గర సంతకం తీసుకుంది నేను. వీళ్లు ఉన్న కారు అమ్ముకుని తొమ్మిది వారాలు ఇంట్లో కూర్చున్నారు. మీరు మార్చుకుంటే మార్చుకోండి, మాకో కబురు చెప్పాలన్న ఇంగితం ఉండక్కర్లేదా?”

“మీరు మా ఉద్యోగేనా?” అన్నాడాయన నెమ్మదిగా.

“అవును. అందుకే సిగ్గుతో చచ్చిపోతున్నాను.”

ఎవరో ఫోనులో అంతా తీస్తూనే ఉన్నారు. సాయంత్రానికల్లా ఆ వీడియో ఊరంతా చుట్టేసింది. ఇరుక్కున్న కుర్చీ, గ్రీజు మరక, సోఫాలో టెలిఫోనమ్మ.

సోమవారం ఆమెను గదిలోకి పిలిచారు. మేనేజరు ముందు ఒక కాగితం ఉంది. అమ్మకాల విభాగంలోని ఒక ఉద్యోగి నమూనా బండిని పొరపాటుగా కొలవడం వల్ల కొందరు కొనుగోలుదార్లకు అపోహ కలిగిందనీ, అందుకు ఆ ఉద్యోగి చింతిస్తున్నారనీ అందులో ఉంది. కింద ఆమె సంతకానికి చోటు.

ఆమె రెండుసార్లు చదివింది. అరిచి ఉంటే మేనేజరుకు తేలికయ్యేది. ఆమె అరవలేదు.

“నన్ను తీసెయ్యండి సార్. వేరే ఊరికి పంపండి. బండ్లు కడగమన్నా కడుగుతా. పొరపాటుగా కొలిచానని మాత్రం నా చేత రాయించలేరు. మా నాన్న బతికుంటే ఈ కాగితం చూసి నా మొహం చూసేవాడు కాదు.”

“కొలిచావనడానికి సాక్ష్యం ఏముందక్కా? ఆ బండి ఇప్పుడు ఎక్కడుందో కూడా తెలీదు.”

అప్పుడు తలుపు దగ్గర దగ్గు వినపడింది. బండ్లు కడిగే పెద్దాయన, తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. షోరూములో పదహారేళ్లుగా ఉన్న ఆ మనిషి మేనేజరు గదిలో అడుగు పెట్టడం అదే మొదలు.

“టేపు రెండో కొస పట్టుకుంది నేను సార్. అమ్మాయి ఇరవై రెండు అంది, నేనూ వంగి చూశా. ఇరవై రెండే. కాగితం మీద ఆమె సంతకం కావాలంటే నాదీ కావాలి. నేను పెట్టను.”

మేనేజరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆమె సంచీలోంచి కరపత్రం తీసి వెనకవైపు తిప్పి బల్ల మీద పెట్టింది. తేదీ, అంకెలు, పక్కనే, అంకెలు తప్ప చదువు రాని పెద్దాయన ఆ రోజు సరదాకి గీసిన బండి బొమ్మ. మేనేజరు కాగితాన్ని నెమ్మదిగా సొరుగులోకి తోసేశాడు. పెద్దాఫీసుకు ఏం చెప్పుకున్నాడో ఎవరికీ తెలీదు, ఆ కాగితం మాత్రం మళ్లీ బయటికి రాలేదు.

గెలిచిందని చెప్పడానికి లేదు. నెల తిరక్కుండానే ఆమెను అమ్మకాల్లోంచి తీసి, రిపేర్లకు వచ్చిన బండ్ల ఫిర్యాదులు రాసుకునే కౌంటర్‌కు మార్చారు. పెద్దాఫీసు నుంచి క్షమాపణ రాలేదు. బుకింగు వద్దనుకున్నవాళ్లకు కట్టింది తిరిగిస్తామని మాత్రం ఒక ప్రకటన వచ్చింది, అదీ ఆ వీడియో పుణ్యమా అని. బుక్ చేసిన ముప్పై నాలుగు మందిలో తొమ్మిది మందే వెనక్కి తీసుకున్నారు. మిగతావాళ్లు ఆ బండే కొనుక్కుని మెరిసే తెర ముందు ఫోటోలు దిగారు. కరపత్రం కొత్తగా అచ్చువేసినప్పుడు డిక్కీ మాట తీసేశారు. ఉన్నది దిద్దలేదు, తీసేశారు. దాని మీద ఆమె ఇంట్లో వారం రోజులు రుసరుసలాడింది.

మాస్టారికి బండి వెతికే పని మాత్రం ఆమె వదల్లేదు. సెలవు రోజుల్లో పాత బండ్లు అమ్మే చోట్లన్నీ తిరిగింది. భర్త కూడా వెంట వెళ్లాడు, ఇంజను చప్పుడు వినడం ఆయన వంతు. అయిదో వారానికి ఒకచోట పూలమొక్కల కుండీలు మోసిన పెట్టెలాంటి బండి దొరికింది. రంగు వెలిసిపోయింది, లోపలంతా మట్టి. కానీ వెనక తలుపు తీస్తే నేల ఎత్తు పందొమ్మిది అంగుళాలే. బండ్లు కడిగే పెద్దాయన ఒక ఆదివారమంతా కూర్చుని దాని మట్టి వదలగొట్టాడు. మొదటిరోజు మాస్టారు కుర్చీని ఒక్క తోపుతో లోపలికి తోసి, తలుపు మూసి, చేతులు దులుపుకున్నారు. ముందు సీట్లోంచి టెలిఫోనమ్మ “ఇంకా నాలుగుసార్లు తియ్యండి, పెట్టండి. చూడముచ్చటగా ఉంది” అంది. ఆయన నిజంగానే రెండుసార్లు తీసి పెట్టారు.

మరుసటి ఏడాది ఇంకో కొత్త మోడల్ వస్తోందని గోడ మీద మళ్లీ గుడ్డ కప్పిన బొమ్మ వెలిసింది. ఒక పొద్దున్న మేనేజరు కౌంటర్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చేతిలో కరపత్రం.

“అక్కా, అమ్మకాల్లోకి తిరిగొచ్చెయ్. పైవాళ్లతో నేను మాట్లాడతా. పాత కస్టమర్లు నువ్వు లేవని వెనక్కి పోతున్నారు. ఇదిగో, ఒకసారి చదివి ఎలా ఉందో చెప్పు.”

ఆమె కరపత్రం ముట్టుకోలేదు. “కాగితం చదివి ఏం చెప్పను సార్? బండి తెప్పించండి.”

“బండి ఎక్కడుందక్కా? ఇంకా తయారే కాలేదు.”

“తయారు కాని దాని గురించి జనానికి ఏం చెప్పమంటారు?”

“ఎలా ఉండబోతోందో చెప్పాలి. అందరూ చెబుతున్నారు కదా.”

“చెబుతారు, వాళ్లకేం?” ఆమె గొంతులో పాత వేడి అలాగే ఉంది. “రేపు పట్టని కుర్చీ తోసుకుంటూ ఎవరో వస్తే, వాళ్లకు మొహం చూపించాల్సింది మీరు కాదు సార్, పెద్దాఫీసు కాదు. చెప్పినవాళ్లు. అమ్ముడుపోయే రకం బండి, రేపు జనం ఇంటికి తీసుకెళ్లే రకం బండి, అచ్చంగా అదే ఇక్కడికి రానివ్వండి. కొలుస్తాను. ఉన్నది చెబుతాను. అలా అయితే వస్తా. అలా కుదరదంటే ఈ కౌంటరే నాకు నయం. ఇక్కడికొచ్చేవాళ్ల బండి కనీసం కళ్లముందు ఉంటుంది.”

మేనేజరు కరపత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు. “అడిగి చూస్తా” అన్నాడు. నిజంగా అడుగుతాడో లేదో ఆమెకు తెలీదు. ఆయన మెట్లెక్కి పోయేదాకా చూసి, వరసలో నిలబడ్డ టాక్సీ డ్రైవరు వైపు తిరిగింది.

“చెప్పండన్నా, మీ బండికేమైంది?”